పొద్దున వాకింగ్ సగం పనే, మిగతా సగం బరువులెత్తడం

విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం దగ్గరైనా, గుంటూరులో బృందావన్ గార్డెన్స్ ఎన్టీఆర్ స్టేడియం దగ్గరైనా పొద్దున్నే ఐదున్నరకి చూస్తే నలభై నుంచి యాభై ఐదు మధ్య ఆడవాళ్ళు బాగానే కనపడతారు, పంజాబీ డ్రెస్ మీద స్పోర్ట్స్ షూ వేసుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి, చేతిలో ఫోను, అందులో స్టెప్పుల లెక్క. వాళ్ళలో ఎవర్ని కదిపినా దాదాపు ఒకటే గోడు: రోజూ నడుస్తూనే ఉన్నా, రాత్రి అన్నం కూడా మానేశా, అయినా పొట్ట తగ్గట్లేదు, పైగా మోకాళ్ళు పట్టేస్తున్నాయి, రాత్రి రెండింటికి చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎక్కువసార్లు వినపడేది "బరువు తగ్గండమ్మా, వాకింగ్ చెయ్యండి" అనే. చేస్తున్నదాన్నే మళ్ళీ చెయ్యమనడం అన్నమాట.

ఆ సలహా తప్పని కాదు, సగమే అని. నడక గుండెకి, షుగర్‌కి, బీపీకి, మనసుకి మంచిదే, అందులో డౌట్ లేదు. కానీ పీరియడ్స్ ఆగిపోయే ముందూ వెనకా ఉండే ఏళ్ళలో ఒంట్లో ముఖ్యంగా తరిగిపోయేవి రెండు, కండ ఒకటి ఎముక ఒకటి, ఈ రెండిటికీ మామూలు నడక వల్ల ఒరిగేది చాలా తక్కువ. వాటికి కావాల్సింది బరువు. ఇది మన దగ్గర చెప్పేవాళ్ళు తక్కువ, చెప్పినా వినేవాళ్ళు ఇంకా తక్కువ, ఎందుకంటే బరువులెత్తడం అనగానే జిమ్ములో అద్దం ముందు నిలబడ్డ కుర్రాళ్ళు గుర్తొస్తారు గానీ నలభై ఆరేళ్ళ అమ్మ ఎవరికీ గుర్తు రాదు.

పెరిమెనోపాజ్ అంటే పీరియడ్స్ పూర్తిగా ఆగడానికి ముందు నడిచే కొన్నేళ్ళు. వరసగా పన్నెండు నెలలు పీరియడ్ రాకపోతే అప్పుడు మెనోపాజ్ అయిపోయినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకే వచ్చేస్తుంది, అమెరికా, యూరప్‌లో అయితే 51 దాకా. కాబట్టి ఇక్కడ చాలామందికి నలభై దాటిన కొత్తలోనే మొదలైపోతుంది, కొందరికి ఇంకా ముందే. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ మెల్లగా దిగిపోతుందని అనుకుంటారు గానీ అలా ఏమీ కాదు, ఒక నెల బాగా ఎక్కువ, ఇంకో నెల అడుక్కి, అందుకే ఒకసారి ఇరవై రెండు రోజులకే పీరియడ్ వస్తుంది, తర్వాత రెండు నెలలు జాడ ఉండదు, ఆ తర్వాత వచ్చినప్పుడు మంచం దిగలేనంత బ్లీడింగ్. నిద్ర, కోపం, కీళ్ళ నొప్పులు అన్నీ ఈ ఎగుడుదిగుళ్ళతోనే ముడిపడి ఉంటాయి.

పొట్ట సంగతికి వద్దాం, ఎందుకంటే అందరికీ ముందు కనపడేది అదే. అమెరికాలో స్వాన్ అనే స్టడీ 1996లో మొదలైంది, మూడు వేల మందికి పైగా ఆడవాళ్ళని నడివయసు నుంచి ఏళ్ళ తరబడి ఫాలో అయ్యారు. అందులో తేలింది ఏంటంటే బరువు పెరగడం అనేది మెనోపాజ్ కన్నా వయసు వల్లే ఎక్కువ, అది అంతకు ముందు నుంచీ మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, కానీ ఈ దశలోకి రాగానే ఒంట్లో కొవ్వు చేరే స్పీడ్ దాదాపు రెండింతలైపోతుంది, అదే టైమ్‌లో కండ తగ్గడం మొదలవుతుంది. ఒకటి పెరిగి ఇంకోటి తగ్గితే కాటా మీద నంబర్ పెద్దగా మారదు. అరవై నాలుగు కిలోలు అరవై నాలుగే ఉంటుంది, జాకెట్టు మాత్రం బిగుసుకుపోతుంది. పైగా ఆ కొవ్వు ఇదివరకులా తొడల దగ్గర కాకుండా నడుం చుట్టూ, కడుపు లోపల పేగుల చుట్టూ చేరుతుంది, షుగర్‌కీ కొలెస్ట్రాల్‌కీ దారి తీసేది ఆ కొవ్వే. చివరి పీరియడ్ చుట్టుపక్కల ఏడాదిలోనే చెడు కొలెస్ట్రాల్ ఒక్కసారిగా పైకి లేస్తుందని కూడా ఆ స్టడీలోనే తేలింది. ఇలాంటప్పుడు అన్నం మానేసి, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ నడిచి బరువు దించితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, ఆ కండే కదా తిన్న చక్కెరని లాక్కుని ఖర్చు పెట్టేది, అది పోయాక మళ్ళీ పెరిగేది కొవ్వే.

ఎముకల లెక్క ఇంకా గట్టిది. చివరి పీరియడ్‌కి ఏడాది ముందు నుంచి తర్వాత రెండేళ్ళ దాకా, ఈ మూడేళ్ళలో, వెన్నెముకలో సగటున ఏడు శాతం పైగా ఎముక సాంద్రత, అంటే ఎముక దట్టం, పోతుంది. ఎముకలో పాతదాన్ని తవ్వి తీసేసే కణాలు, కొత్తది కట్టే కణాలు రెండూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, తవ్వే కణాల్ని కట్టడిలో పెట్టేది ఈస్ట్రోజెన్. అది తగ్గిపోగానే తవ్వకం ముందుకెళ్ళిపోతుంది, కట్టడం వెనకబడుతుంది. దీన్ని వ్యాయామంతో కొంత అడ్డుకోవచ్చు గానీ ఏ వ్యాయామంతో పడితే ఆ వ్యాయామంతో కాదు. ఎముక లోపలి కణాలు తమ మీద పడే వత్తిడిని కొలుచుకుంటూ ఉంటాయి, అలవాటైన వత్తిడి అయితే అసలు పట్టించుకోవు. రోజూ వచ్చే చుట్టానికి ఎవరూ పిండివంటలు చెయ్యరు కదా, ఎముక దగ్గర నడక పరిస్థితి అదే, పుట్టినప్పటి నుంచీ నడుస్తూనే ఉన్నాం మరి. దానికి కొత్తగా, కాస్త గట్టిగా, కాస్త వేగంగా వత్తిడి తగలాలి. నడక మీద వచ్చిన స్టడీలన్నీ కలిపి చూసినా వెన్నెముక సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఈత, సైక్లింగ్ గుండెకి ఎంత మంచివైనా ఎముక విషయంలో నడక కన్నా వెనకే, వాటిలో ఒంటి బరువు ఎముక మీద పడదు.

ఇక్కడ ఒక వాదన ఖచ్చితంగా వస్తుంది, రావాలి కూడా. పొద్దున నాలుగున్నరకి లేచి, కుళాయి వచ్చే టైమ్‌కి నీళ్ళు పట్టి, క్యారేజీలు కట్టి, రాత్రి గిన్నెలు కడిగి పడుకునే మనిషికి ఇంకా వ్యాయామం ఏంటి, పనే వ్యాయామం కదా అని. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల దగ్గర, కల్లాల్లో మిర్చికి తొడిమలు తీసే ఆడవాళ్ళని అడిగితే ఇంకా గట్టిగా అంటారు, వాళ్ళు అనడంలో న్యాయం ఉంది. కానీ ఆ పనిని దగ్గర్నుంచి చూస్తే సంగతి అర్థమవుతుంది. గోనె పట్టా మీద మోకాళ్ళు ముడుచుకుని, నడుం ముందుకి వంచి, గంటల తరబడి ఒకే చోట, కదిలేవి వేళ్ళు మాత్రమే, ఘాటుకి ముక్కు మీద కొంగు. సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోతుంది గానీ తొడ కండకి, తుంటి ఎముకకి అందిన పని దాదాపు సున్నా. అలిసిపోవడం వేరు, బలపడటం వేరు. వంటింటి పనీ అంతే, ఇరవై ఏళ్ళుగా అవే గిన్నెలు, అదే బరువు, అదే ఎత్తు. కండైనా ఎముకైనా నిన్నటి కన్నా కాస్త ఎక్కువ అడిగితేనే పెరుగుతుంది, ఆ పెంచడం అనేదే ఇంటి పనిలో ఉండదు. ఆ మాటకొస్తే ఇంట్లో నిజంగా బరువైన పనులు కొన్ని ఉన్నాయి, నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోలు ఉంటుంది, బియ్యం బస్తా ఇరవై ఆరు కిలోలు (2022లో పాతిక కిలోల్లోపు ప్యాకెట్ మీద జీఎస్టీ వేశాక బస్తాకి ఒక కిలో కలిసింది), కానీ సరిగ్గా ఆ పనులకే అబ్బాయిని పిలుస్తారు.

బరువులెత్తితే ఏమవుతుందో చూపించిన ట్రయల్ ఒకటి ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళు చేశారు, లిఫ్ట్‌మోర్ అని పేరు, 2018లో ఫలితాలు వచ్చాయి. మెనోపాజ్ దాటి, ఎముకలు ఇప్పటికే పల్చబడ్డ నూట ఒక్క మంది ఆడవాళ్ళు, సగటు వయసు అరవై ఐదు. ఒక గ్రూపు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట, ఎనిమిది నెలలు, నేల మీద నుంచి బార్ ఎత్తడం, భుజాల మీద బరువుతో గుంజీలు, తల మీదికి బరువు నెట్టడం, కడ్డీ పట్టుకుని ఎగిరి దబ్బున కిందికి దిగడం చేసింది. అవి అర కిలో డంబెల్స్ కాదు, ఎవరు ఎంత ఎత్తగలరో అందులో ఎనభై శాతం పైన. ఇంకో గ్రూపు ఇంట్లోనే తేలికపాటి ఎక్సర్‌సైజులు చేసింది. ఎనిమిది నెలలకి మొదటి గ్రూపుకి వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండో గ్రూపుకి 1.2 శాతం తగ్గింది. ఎముక విరగడాలు ఏమీ జరగలేదు, ఒకరికి నడుం పట్టేసింది అంతే. అయితే ప్రతి సెషన్ కోచ్ పక్కనే ఉండి చేయించినది అని మర్చిపోకూడదు, అంత బరువులు వీడియో చూసి ఇంట్లో ఎత్తే పని కాదు. చెప్పొచ్చేది ఏంటంటే అరవై ఐదేళ్ళ వాళ్ళ ఎముకే వింటున్నప్పుడు నలభై ఐదేళ్ళ ఎముక వినదా. ఆడవాళ్ళకి బరువులేంటి అనే మాట అసలు మన నోట రాకూడదు, ఒలింపిక్స్‌లో ఈ దేశానికి మెడల్ తెచ్చిన మొట్టమొదటి ఆడమనిషి శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి, 2000లో సిడ్నీలో, అది కూడా వెయిట్‌లిఫ్టింగ్‌లోనే.

మరి ఇంట్లో ఎక్కడ మొదలుపెట్టాలి అంటే కుర్చీ దగ్గర. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పది సార్లు, మధ్యలో ఆగి మూడు విడతలు. ఇది తేలికైపోయాక రెండు లీటర్ల నీళ్ళ బాటిల్ గుండెలకి హత్తుకుని, ఆ తర్వాత ఐదు కిలోల పప్పు సంచి. రెండోది వంగి ఎత్తడం, దీనికి ఇరవై లీటర్ల వాటర్ టిన్ను మంచి గురువు. మామూలుగా అందరం దాన్ని ఎలా ఎత్తుతామంటే కాళ్ళు చాపి ఉంచి, వీపు విల్లులా వంచి, చేతులు దూరంగా చాపి లాగుతాం, నడుం పట్టేది అక్కడే. అలా కాకుండా టిన్నుకి రెండు పక్కలా పాదాలు వేసి, పిర్రలు వెనక్కి నెట్టి, మోకాళ్ళు కాస్త మడిచి, వీపు తిన్నగా ఉంచి, టిన్నుని ఒంటికి ఆనించుకుని కాళ్ళతో నేలని నెట్టినట్టు లేవాలి. నిండు టిన్నుతో కాదు, ముందు పావు వంతు నీళ్ళతో, రెండు వారాలకోసారి రెండేసి లీటర్లు పెంచుకుంటూ. మూడోది తల మీదికి బాటిళ్ళు నెట్టడం, నాలుగోది రెండు చేతుల్లో రెండు సంచులు మోస్తూ వరండాలో అటూ ఇటూ నడవడం, రైతు బజార్ నుంచి కూరగాయలు తెచ్చే రోజు ఎలాగూ చేస్తారు. ఐదోది గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేచి మడమల్ని కొంచెం గట్టిగా నేలకి దించడం. ఏదైనా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, చివరి రెండు కష్టంగా అనిపించాలి, పన్నెండూ సునాయాసంగా అయిపోతుంటే బరువు చాలట్లేదని. ఇంట్లో సరుకులతో మూడు నాలుగు నెలలు బానే నడుస్తుంది, తర్వాత డంబెల్స్ కొనడమో, జిమ్‌లో ట్రైనర్ దగ్గర చేరడమో తప్పదు. జిమ్‌లో చేరితే ఒకటి గుర్తుంచుకోవాలి, చాలాచోట్ల ఆడవాళ్ళు రాగానే ట్రెడ్‌మిల్ ఎక్కించేసి చేతిలో కిలో డంబెల్ పెడతారు, ఆ కిలో డంబెల్ కన్నా ఇడ్లీ పిండి గిన్నె బరువుంటుంది.

వారానికి రెండు రోజులు కండకి పని, 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక లాంటిది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళందరికీ చెప్పిన లెక్క ఇది. రోజూ గంట నడవడానికి వీలు కావట్లేదు అని బాధపడేవాళ్ళకి రెండు అరగంటలు దొరకడం ఈజీ కదా. నడకని కూడా కొంచెం తెలివిగా వాడుకోవచ్చు, భోజనం అయిన వెంటనే పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత ఎగిరే షుగర్ బాగా తగ్గుతుంది, ఎందుకంటే కదులుతున్న కండ ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెరని లాక్కుంటుంది. స్టేడియందాకా వెళ్ళక్కర్లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నడిచినా అంతే.

ఇదంతా మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సింది రక్తం. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 59 మంది దాకా రక్తహీనతతో ఉన్నారు. దాని మీద పెరిమెనోపాజ్ బ్లీడింగ్ కూడా తోడైతే ఇంకేం మిగులుతుంది. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం, గుండె దడ, వ్యాయామం మొదలెట్టిన వారానికే నావల్ల కాదని మానెయ్యడం, ఇదంతా బద్ధకం అనుకుంటారు, తిడతారు కూడా, తీరా చూస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. పన్నెండు కన్నా తక్కువుంటే రక్తహీనతే. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే టెస్ట్), థైరాయిడ్, షుగర్ ఒకేసారి చూపించుకుంటే చాలా అనుమానాలు తీరిపోతాయి. ఐరన్ మాత్ర కాఫీ, టీ, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతో వేసుకోవాలి. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు గడ్డలుగా పోతున్నా, వారం దాటినా ఆగకపోయినా, రెండు పీరియడ్స్ మధ్యలో కనపడినా, ఏడాది ఆగిపోయాక మళ్ళీ కనపడినా ఈ వయసులో ఇంతేలే అని సరిపెట్టుకోకూడదు, ముందు గైనకాలజిస్ట్, తర్వాతే వ్యాయామం. మామూలు బ్లీడింగ్ ఉన్న రోజుల్లో అయితే బరువులు మానాల్సిన పని లేదు, ఒళ్ళు సహకరించినంత వరకు చేసుకోవచ్చు.

మన రాష్ట్రంలో విడిగా మాట్లాడుకోవాల్సిన సంగతి ఇంకోటుంది, గర్భసంచి ఆపరేషన్లు. అదే సర్వేలో దేశం మొత్తం మీద 15-49 మధ్య ఆడవాళ్ళలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీసేశారు, చాలామందికి నలభై కూడా రాకముందే. బ్లీడింగ్ ఎక్కువైంది అంటే తీసేద్దాం అనడం ఎంత మామూలైపోయిందంటే అనవసరపు ఆపరేషన్లు ఆపమని కేంద్రం 2022లో గైడ్‌లైన్స్ ఇవ్వాల్సి వచ్చింది, వాటిని అమలు చెయ్యమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. ఆపరేషన్ అయిపోయినవాళ్ళు ఇప్పుడు చెయ్యాల్సింది ఏంటంటే బీరువాలో ఉన్న డిశ్చార్జ్ సమ్మరీ తీసి చూడటం. అందులో ఒట్టి టీఏహెచ్ అని ఉంటే గర్భసంచి మాత్రమే తీశారు, ఓవరీలు ఉన్నాయి, పీరియడ్స్ రావు కాబట్టి పెరిమెనోపాజ్ ఎప్పుడొచ్చిందో పీరియడ్ చూసి తెలుసుకునే వీలుండదు, పైగా అందరికన్నా కొన్నేళ్ళు ముందే వచ్చే అవకాశం ఉంది. పక్కన బీఎస్ఓ అని కూడా ఉంటే రెండు ఓవరీలూ తీసేశారు, అంటే పెరిమెనోపాజ్ అనే మెట్టే లేకుండా ఆ ఒక్కరోజులోనే మెనోపాజ్‌లోకి వెళ్ళిపోయినట్టు. ముప్పై ఎనిమిదికే అలా జరిగితే ఎముకకి ఎనిమిదీ పదేళ్ళ రక్షణ పోయినట్టే. వీళ్ళకి మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ మందులు వాడటం మంచిదని డాక్టర్లు సాధారణంగా చెప్తారు, అవి పడనివాళ్ళు కొందరుంటారు కాబట్టి అది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. బరువుల వ్యాయామం అందరికన్నా ముందు మొదలుపెట్టాల్సింది వీళ్ళే, కానీ ఇంట్లో జరిగేది ఉల్టా, పెద్దాపరేషన్ అయిన మనిషి బిందె కూడా ఎత్తకూడదు అని జన్మంతా కూర్చోబెడతారు. ఎత్తకూడదు అనేది ఆపరేషన్ తర్వాత ఒకటిన్నర రెండు నెలలకి సంబంధించిన మాట, పదేళ్ళకి కాదు.

వేడి ఆవిర్లు, అదే హాట్ ఫ్లషెస్, వాటి విషయంలో వ్యాయామాన్ని ఎక్కువ పొగడకూడదు. స్వీడన్‌లో ఒక చిన్న ట్రయల్‌లో పదిహేను వారాలు బరువులు చేసినవాళ్ళకి ఆవిర్లు సగం దాకా తగ్గాయి గానీ మిగతా స్టడీలు ఒక్కోటి ఒక్కోలా చెప్పాయి, ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు లేని చికిత్సల మీద ఇచ్చిన సిఫార్సుల్లో వ్యాయామాన్ని ఆవిర్లకి మందుగా చేర్చలేదు. బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. కాబట్టి నెల రోజులు బరువులెత్తినా ఆవిర్లు తగ్గలేదే అని మానేస్తే నష్టం మనకే, అది ఆవిర్ల కోసం చేసే పని కాదు. పైగా ఇవి సగటున ఏడేళ్ళు పైనే ఉంటాయని స్వాన్ లెక్క, అవి తగ్గేదాకా ఆగుదాం అంటే కుదరదు. అసలు ఆవిర్లు ఎందుకంటే మెదడులో ఒంటి వేడిని కనిపెట్టే చోటు బాగా సున్నితమైపోతుంది, కొంచెం వేడి పెరిగినా చెమట పట్టించేస్తుంది. విజయవాడలో ఇది ఎంత ఇబ్బందో చెప్పక్కర్లేదు, మే నెలలో నలభై దాటడం మామూలే, కొన్నేళ్ళు నలభై ఐదు కూడా చూశాం, కృష్ణ పక్కనే ఉండటంతో ఉక్క అదనం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో తొమ్మిదింటికి బ్యారేజీ మీద నడక పెట్టుకోవడం పంతం తప్ప ఆరోగ్యం కాదు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా నడక తగ్గించి ఇంట్లో ఫ్యాన్ కింద బరువులు పెంచుకుంటే సరిపోతుంది, ఉప్పేసిన మజ్జిగ పక్కనే పెట్టుకుని (బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించి), మెడ మీద తడి తువ్వాలు వేసుకుని. కళ్ళు తిరగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం మొదలైతే అది ఆవిరి కాదు వడదెబ్బ, ఆపెయ్యాలి.

పైకి చెప్పుకోకుండా వ్యాయామం మానేసేవాళ్ళలో చాలామందికి అసలు కారణం యూరిన్ లీక్ అవ్వడం. తుమ్మినా, నవ్వినా, జుంబాలో రెండు గంతులేసినా చుక్క పడుతుంది, పక్కన నలుగురుంటారు, ఇంక వెళ్ళరు. దీనికి కటి కండరాల వ్యాయామం బాగా పనిచేస్తుంది, యూరిన్‌ని ఆపుకున్నట్టు లోపలి కండరాన్ని పైకి బిగించి వదలడం, ఒక్కో విడతకి ఎనిమిది సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు. పూజ గదిలో కూర్చుని చేసినా ఎవరికీ తెలీదు. కిందికి ఏదో జారినట్టు బరువుగా అనిపిస్తుంటే మాత్రం గంతులు, పెద్ద బరువులు పక్కన పెట్టి ముందు చూపించుకోవాలి. భుజం పట్టెయ్యడం కూడా ఈ వయసు ఆడవాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ, జడ వేసుకోవాలన్నా జాకెట్టు హుక్కు పెట్టుకోవాలన్నా చెయ్యి వెనక్కి పోదు, అలాంటప్పుడు తల మీదికి బరువు నెట్టడం మానేసి ఫిజియో దగ్గరికి వెళ్ళాలి, కాళ్ళ పని ఆపక్కర్లేదు. మోకాళ్ళ నొప్పి ఉంటే కింద కూర్చుని లేవడం తగ్గించండి గానీ కుర్చీ ఎక్సర్‌సైజు మానకండి, తొడ కండ గట్టిపడితేనే మోకాలికి బరువు తగ్గేది.

యోగా గురించి అడుగుతారు. నిద్రకి, బీపీకి, బ్యాలెన్స్‌కి, మనసు కుదుటపడటానికి చాలా మంచిది, చేస్తున్నవాళ్ళు చేస్తూనే ఉండాలి, ఎముకకి చాలినంత బరువు మాత్రం అందులో ఉండదు. ఇప్పటికే ఎముకలు బాగా పల్చబడ్డాయని తెలిసినవాళ్ళు నడుం గుండ్రంగా వంచి పాదాలు అందుకునే ఆసనాలు, హలాసనం లాంటివి చెయ్యకపోవడమే మేలు, వెన్నుపూస ముందు భాగం నలిగిపోయే ప్రమాదం ఉంది.

తిండి సంగతి రెండు ముక్కల్లో. కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క ప్రకారం 55 కిలోల ఆడమనిషికి రోజుకి 46 గ్రాములు, బరువుల వ్యాయామం చేసేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువైనా మంచిదే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి. పొద్దున ఇడ్లీ కొబ్బరి చట్నీ, మధ్యాహ్నం అన్నం వేపుడు రసం, రాత్రి బరువు తగ్గుదామని రెండు చపాతీలు తినే మనిషికి అందులో సగం వస్తే గొప్ప. మనకి పెసరట్టు ఉండనే ఉంది, యాభై గ్రాముల పెసలకి పన్నెండు గ్రాముల ప్రోటీన్, ఉప్మా బదులు పక్కన ఒక గుడ్డు పెట్టుకుంటే ఇంకో ఆరు. ముప్పై గ్రాముల మీల్ మేకర్‌కి పదిహేను. కాల్షియం రోజుకి వెయ్యి మిల్లీగ్రాములు, మెనోపాజ్ దాటాక పన్నెండు వందలు, వంద గ్రాముల రాగి పిండిలో మూడు వందల యాభై దాకా ఉంటుంది, పాలు పెరుగు దాని మీద. విటమిన్ డి టెస్ట్ చేయించుకుని తక్కువుంటేనే మందు, ఊరికే వారం వారం సాచెట్లు మింగడం మంచిది కాదు.

ఫలితం ఎప్పుడు కనపడుతుంది అంటే ఒక్కోదానికి ఒక్కో టైమ్. బలం ముందు వస్తుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అదే టిన్ను తేలిగ్గా లేస్తుంది, అప్పటికి కండ పెద్దగా పెరిగి ఉండదు, నరాలు కండని వాడుకోవడం నేర్చుకుంటాయి అంతే. నడుం చుట్టుకొలత తగ్గడానికి మూడు నాలుగు నెలలు, కాబట్టి కాటా కన్నా టేపు కొనుక్కోవడం బెటర్. ఎముక అన్నిటికన్నా నెమ్మది, ఎనిమిది నెలలు, ఏడాది దాకా ఏమీ తెలీదు. చిన్న వయసులో ఓవరీలు తీసేసినవాళ్ళు, చాలాకాలం స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళు, మరీ సన్నగా ఉన్నవాళ్ళు, తల్లికి తుంటి ఎముక విరిగిన చరిత్ర ఉన్నవాళ్ళు ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ గురించి డాక్టర్‌ని అడగాలి, మడమ దగ్గర ఫ్రీగా చేసే క్యాంపు టెస్ట్ దానికి బదులు కాదు. ఒకసారి డెక్సా తీయించుకున్నాక ఆరు నెలలకే మళ్ళీ తీయించుకుంటే డబ్బు దండగ, ఒకటి రెండేళ్ళు ఆగి, కుదిరితే అదే సెంటర్‌లో అదే మెషిన్ మీద తీయించుకోవాలి, మెషిన్ మారితే రెండు రిపోర్టుల నంబర్లు పోల్చి చూడటానికి పనికిరావు.